ఫస్టియర్‌కు పెద్ద సార్లు కావాలి

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్ క్లాసులు పడ్డాయంటే మా వాళ్లలో చాలామంది మొహం మాడ్చుకుంటారు. టైమ్‌టేబుల్ వేసే రోజుల్లో స్టాఫ్ రూములో జరిగే బేరాలు చూడాలి! సర్వీసున్న వాళ్లు మూడు, నాలుగో సంవత్సరాల సబ్జెక్టులు, ప్రాజెక్టులు పంచుకుంటారు. నిన్నగాక మొన్న ఎంటెక్ పూర్తి చేసి చేరినవాళ్ల నెత్తిన ఫస్టియర్ పడుతుంది. హైదరాబాద్ శివార్లలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. అడిగి మరీ ఫస్టియర్ తీసుకుంటానని తోటివాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. వాళ్ల సరదా వాళ్లది. బిక్కుబిక్కుమంటూ వచ్చే పిల్లలను అనుభవం లేనివాళ్లకు అప్పగించే ఈ ఆనవాయితీ మాత్రం మానుకోవాల్సిందే.

ఈ పిల్లలకు అంత బెరుకు ఎందుకో తెలియాలంటే అంతకుముందు రెండేళ్లు వాళ్లు ఎలా బతికారో చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎంపీసీ చదివినవాళ్లలో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల నుంచి వస్తారు. తెల్లారకముందే బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, స్టడీ అవర్లో తల ఎత్తకూడదు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఫోన్ ఇవ్వాలి. అన్నీ మెటీరియల్లోనే ఉంటాయి కాబట్టి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అలా పెరిగిన పిల్లాడు మా కారిడార్లో నిలబడి మంచినీళ్లు తాగి రావడానికి నా పర్మిషన్ అడుగుతాడు. పీరియడ్ అయిపోయినా, నేను వెళ్లమనే దాకా సగం క్లాసు బెంచీల మీంచి లేవదు. మొదటి వారం నవ్వొస్తుంది. రెండో వారానికి దిగులేస్తుంది.

ఆమధ్య సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌కు వెళ్లాను. చివరి వరుసలో నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి కూర్చున్నాడు. అబ్జర్వేషన్ బుక్ తిరగేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి ప్రోగ్రామూ, దాని కింద అవుట్‌పుట్, ఆ కింద ఎర్ర ఇంకుతో సంతకం. కంప్యూటర్ మాత్రం లాగిన్ దగ్గరే ఆగి ఉంది.

"ఏం నాయనా, ఇంకా ఓపెన్ చేయలేదా?"

గబుక్కున లేచి నిలబడ్డాడు. "అది ఏందో అడుగుతుంది సార్."

అది అడుగుతున్నది పాస్‌వర్డ్. మొదటి క్లాసులో బోర్డు మీద రాశారట, అప్పటికి ఇతనికి ఇంకా సీటే రాలేదు.

"మరి ఇవన్నీ ఎట్లా రాశావు?"

"పక్కోళ్లది చూసి రాసుకుంటున్న సార్."

ఇంటర్‌లో వెయ్యికి 970 తెచ్చుకున్న పిల్లాడతను. పాస్‌వర్డ్ ఏంటని అడగడానికి నోరు పెగలక వారాల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నాడు. సంతకాలు పడుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. ల్యాబ్ చూసే మేడమ్‌ను తప్పుపట్టలేను. ఆమెకూ ఉద్యోగంలో అదే మొదటి ఏడాది. గదినిండా పిల్లలు, ఎవరైనా తనకు రాని ప్రశ్న వేస్తారేమోనని లోపల గుబులు. ఎవరూ ఏమీ అడగకపోతే ఆమెకూ హాయిగానే ఉంటుంది మరి.

నిబంధనలు లేక కాదు. కొత్తగా చేరిన పిల్లలకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం నడపాలని ఏఐసీటీఈ చెప్పింది. ఇరవై మందికో మెంటర్ చొప్పున ఉండాలని, పిల్లలు కుదురుకునేదాకా పాఠాల తొందర పెట్టొద్దని అందులో ఉంది. ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో ఇలాంటిదే తెచ్చింది. ఆలోచన బంగారం. జరిగేదేమిటంటే, ఆడిటోరియంలో యాజమాన్యం ప్రసంగం, ప్యాకేజీల స్లైడ్లు, ఒక మోటివేషనల్ స్పీకర్, గ్రూప్ ఫొటో. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరినవాళ్లకు ఆ ఫొటో భాగ్యం కూడా ఉండదు. వాళ్లు బ్యాగుతో దిగేసరికి క్లాసులో ఎవరి జట్లు వాళ్లకు కుదిరిపోయి ఉంటాయి, మొదటి యూనిట్ సగం నడిచిపోయి ఉంటుంది. బెరుకు ఎక్కువున్న పిల్లలు నాకు ఎక్కువగా ఎదురుపడేది ఈ ఆలస్యపు బ్యాచ్‌లోనే.

అనుభవమున్నవాళ్లు ఏం చేస్తారని అడగొచ్చు. మొదటిది, తెలుగులో చెప్పడానికి జంకరు. ఇంటర్‌లో మీడియం ఇంగ్లిషే అయినా పాఠం విన్నది తెలుగులోనే. ఇక్కడ అడుగుపెట్టగానే అంతా ఇంగ్లిషు. పాయింటర్ అంటే ఏమిటో తెలుగులో చెప్పి, పరీక్షలో ఇంగ్లిషులో ఎలా రాయాలో చూపిస్తే పోయేదేమీ లేదు. కొత్త లెక్చరర్‌కు ఆ ధైర్యం ఉండదు, స్లైడు చదివి ఊరుకుంటారు. రెండోది, భయాల్లో ఏది పనికొచ్చేదో ఏది పుకారో వాళ్లకు తెలుసు. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 75 శాతం హాజరు ఉండాలి. తగిన కారణం ఉంటే 65 శాతం దాకా ఫీజు కట్టి కండొనేషన్ అడగొచ్చు. ఇది మొదటి రోజే చెప్పాల్సిన సంగతి. పిల్లలు దీన్ని సీనియర్ల నోటినుంచి, అదీ నాలుగు కల్పనలు చేర్చినాక, వింటారు. మొదటి మిడ్‌లో మార్కులు తగ్గగానే ఇంటికెళ్లిపోతాననే పిల్లను కూర్చోబెట్టి, సబ్జెక్టు పోయినా సప్లీ రాసుకోవచ్చని తాపీగా చెప్పాలంటే, అలా రాసి పాసై ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లను కళ్లారా చూసి ఉండాలి.

"మేమూ ఇట్లాగే ఏడ్చి నేర్చుకున్నాం" అని మా స్టాఫ్ రూములో ఒక మాట ఉంది. నేర్చుకున్నవాళ్లే ఆ మాట అంటారు. మధ్యలో పెట్టె సర్దుకుని వెళ్లిపోయినవాళ్లు మా స్టాఫ్ రూముల్లో ఉండరు కదా! ర్యాగింగ్ మీద ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది, మంచిదే. తనంతట తాను నోరు మూసుకున్న పిల్లాడి దగ్గరికి ఏ చట్టమూ రాదు, టీచరే వెళ్లాలి.

సీనియర్లకు పరిశోధన ఉంది, అక్రిడిటేషన్ ఫైళ్లున్నాయి, నిజమే. తలా ఒక్క ఫస్టియర్ సెక్షన్ తీసుకుంటే ఆ పనులేమీ ఆగిపోవు. ప్రిన్సిపాళ్లు దీన్ని ఇష్టాయిష్టాలకు వదిలేయకుండా వచ్చే టైమ్‌టేబుల్ నుంచే తప్పనిసరి చేయాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్లి ప్లేస్‌మెంట్ల గురించి అడుగుతారు. అడగండి. దాంతోపాటు ఫస్టియర్ పాఠాలు ఎవరు చెబుతారు, వాళ్లు ఎన్నేళ్ల నుంచి చెబుతున్నారు, ఆలస్యంగా చేరిన పిల్లలను ఎవరు చూసుకుంటారు అని కూడా అడగండి. జవాబు చెప్పలేని కాలేజీని లిస్టులో కిందికి జరపండి.