ఆటల గంట



రెండు నెలల క్రిందట ఒక సాయంకాలమున పొరుగింటి చిన్నది బడినుండి వచ్చి మా అరుగుమీద కూర్చున్నది. నాలుగవ తరగతి చదువుచున్నది. ‘‘ఇవాళ ఆటల గంటలో ఏమి ఆడావే తల్లీ?’’ అని అడిగితిమి.

‘‘మగపిల్లలు బంతి ఆడారు పిన్నిగారూ. మేము వాళ్ల చెప్పులకు కాపలా ఉన్నాము’’ అన్నది. ఆ మాటలో కోపము లేదు, చింత లేదు. అదియే మమ్ము నొప్పించినది.

ఆ బడిలో మావారును ఉపాధ్యాయులే గనుక వారిని నిలదీసితిమి. ‘‘ఉన్నది ఒక్క బంతి. ముందు పరుగెత్తినవారిది. ఆడపిల్లలను వద్దని నేననలేదే!’’ అనిరి. వద్దనకుండుటయు, ఇచ్చుటయు ఒక్కటియేనా?

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి బడికి ఆటస్థలమును, ప్రతి తరగతికి ఆటవస్తువులను ఉండవలెనన్నది. అవి మగపిల్లలకే యనలేదు. ఐతే వ్యాయామ బోధకుని మాట 6 మొదలు 8 వరకు గల తరగతులకే, అదియు నూరుగురికి మించి పిల్లలున్నచోటనే చెప్పినది. కావున చిన్న తరగతులలో లెక్కలు చెప్పు పంతులుగారే ఆటలును చూడవలెను. వారు చెట్టునీడను పలకలు దిద్దుచుండగా బంతి బలవంతుల పాలగును.

5 మొదలు 17 ఏండ్ల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు అలయు ఆట కావలెననియు, వారమున మూడు దినములైన ఎముకలకు బలమిచ్చు పరుగులు, గెంతులు ఉండవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020లో చెప్పిరి. ఆడ, మగ యను భేదము చూపలేదు. ఎముకల గట్టితనము చాలవరకు ఎదుగు వయసుననే కూడవలెను. ముదిమిలో జారిపడి తుంటి విఱిగి మంచము పట్టిన అత్తగార్లను మనమెఱుగమా?

తప్పంతయు బడిదే యనుట న్యాయము కాదు. ‘‘పావడా మాయును, మోకాలు గీసుకొనిన మచ్చ పడును’’ అని మా అమ్మాయికి మేమే యెన్నిమార్లు చెప్పితిమో! మచ్చ అబ్బాయికిని పడును. వానిని మేమేమియు అనలేదు. కోతికొమ్మచ్చి యాడి జామచెట్లెక్కిన వారమే మనము. ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ల చాలదా యని కొందఱందురు. చక్కని ఆటయే. కాని కోరి ఆడుట వేఱు, గోడప్రక్క మిగిలిన జానెడు చోటున ఆడుట వేఱు.

మన శ్రీకాకుళపు సీమ ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము గెలిచినది. ఒలింపిక్ పతకమందిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. ఆ క్రీడలలో స్త్రీలకు బరువులెత్తు పోటీ పెట్టినదియు ఆ యేడే. చోటిచ్చిన యేటనే గెలుపు వచ్చినదన్నమాట.

ఇప్పుడు మావారి బడిలో మంగళ, శుక్రవారములందు బంతి మొదట ఆడపిల్లల చేతికే యిచ్చుచున్నారు. మగపిల్లలు మూతులు ముడిచిరి. తొలివారము ఆడపిల్లలు బంతి వచ్చిన కన్నులు మూసికొనిరట! పట్టుట వారికెవరు నేర్పిరి గనుక? ఇప్పుడు పట్టుచున్నారు.

నిన్న పొరుగింటి చిన్నదాని గౌను అంచు చినిగినది. తల్లి మాతో తగవునకే వచ్చినది. సూది, దారము తెచ్చి మేమే కుట్టి యిచ్చితిమి. శుక్రవారము బడికి ఏ గౌను వేసి పంపునో చూడవలెను.