ప్రొద్దుటూరులో గ్యారేజీకి హీటరేంటి సామీ?

ఇంటి దగ్గర చిన్న కార్ల షెడ్డు కట్టుకునేవాళ్లకి ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. అమెరికా గ్యారేజీ ఫోటో చూడటం, అచ్చంగా దాన్నే దించెయ్యటం. ప్రొద్దుటూరు మిత్రుడొకాయన పంపిన ప్లాన్లో నేలకి తళతళలాడే ఇపాక్సీ పూత, దాని కింద వేడినీళ్ల గొట్టాలు! మిన్నెసోటాలో మంచు గడ్డకడుతుంది, వాళ్లకది అవసరం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో నేలని వేడిచెయ్యటం ఏంటికి? డిసెంబరులో తెల్లారుజామున చలేస్తే స్వెటరు చాలు.

సరే, హీటరు మాట నవ్వి వదిలెయ్యొచ్చు. నాకు ఒళ్లు మండింది నేల విషయంలో. అంత ప్లాన్లో మట్టి ఊసే లేదు! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. కింద కాంక్రీటు పగిలాక పైన ఎంత ఖరీదైన పూత ఉంటే ఏం లాభం? ముందు ఆ నల్లమట్టి తీయించి, గరుసు పోయించి, నీళ్లు చల్లుతూ పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాలి. కారు నిలిచే చోట ఆ పైన 5, 6 అంగుళాల కాంక్రీటు, లోపల కమ్మీల జాలీ. కనీసం వారం రోజులు నీళ్లు కట్టాలి. ఈ ఖర్చు బయటికి కనపడదు, అందుకే ఎవరికీ చెయ్యి రాదు.

"మనకి నాపరాయి ఉండగా కాంక్రీటు దేనికి?" అంటారు కొందరు. జమ్మలమడుగు, యర్రగుంట్ల వైపు బండలంటే నాకూ ఇష్టమే, ఎండాకాలం ఒట్టికాళ్లకి హాయిగా ఉంటాయి. కానీ ఇసక మీద పరిచిన బండ మీద జాకీ పెట్టి కారు లేపితే బరువంతా అరచెయ్యంత చోట పడుతుంది. బండ ఫట్‌మంటే కారు కింద పడుకున్న మనిషి గతేంటి? పైగా అది సున్నపురాయి, బ్యాటరీ యాసిడ్ పడితే నురగలు కక్కుతుంది. సామాన్ల బల్ల దగ్గర వేసుకోండి, భేషుగ్గా ఉంటుంది.

"నేల మెరిస్తేనే కస్టమర్లు వస్తారు" అనే వాదన ఇంకోటి. ఆయిలు ఒలికిన నున్నటి నేల మీద జారిపడేది కస్టమరు కాదండీ, జీతానికి కుదిరిన కుర్రాడు.

ఆ కుర్రాడి నెత్తిన ఏముంటుందో కూడా చూడండి. చవగ్గా వస్తాయని సిమెంటు రేకులు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో ఒకప్పుడు ఆస్బెస్టాస్ తవ్విన జిల్లా మనది. ఆ రేకుల్లో కలిపేది ఆ ఖనిజపు నారే. కోసినప్పుడు, బెజ్జాలు వేసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. యూరోపియన్ యూనియన్లో 2005 నుంచి నిషేధం, అమెరికా కూడా 2024లో నిషేధం ప్రకటించింది. మనం మాత్రం గ్యారేజీ ఫోటో వాళ్లది తెచ్చుకుని, వాళ్లు వద్దన్న రేకులు కప్పుకుంటున్నాం!

హీటరుకని పక్కన పెట్టిన డబ్బుల్తో ఆస్బెస్టాస్ లేని రేకులు కొనండి. పైన తెల్లరంగు కొట్టించండి, రెండు వైపులా గోడల పైభాగాన గాలి ఆడే సందులు వదలండి. మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్రాడు ఇంజను మీద వంగి పనిచేసేది దాని కిందే.