మూల మీద నిలబెడితే చతురస్రం కాకుండా పోతుందా?



"బిందువుకు పొడవు, వెడల్పు, మందం ఉండవు" అని ఒకటి, రెండు తరగతుల పిల్లల చేత వల్లె వేయించే అలవాటు మా గోదావరి జిల్లాల్లో ఇంకా కనిపిస్తోంది. బిందువు, రేఖల నిర్వచనాలు పాఠ్యపుస్తకంలో పద్ధతిగా వచ్చేది పై తరగతుల్లో. ఈలోపు పిల్లలు ఆకారాలను పట్టుకుని, తిప్పి, గీసి చూడాలి. నరసాపురంలో చిన్న తరగతులకు చెప్పే టీచరుగా ఇది నా గట్టి అభిప్రాయం.

బోర్డు మీద మనం చతురస్రాన్ని ఎప్పుడూ భుజం నేలకు ఆనినట్టే గీస్తాం. అదే బొమ్మను మూల మీద నిలబెట్టి అడగండి. చాలామంది పిల్లలు గాలిపటం అంటారు. నెదర్లాండ్స్ ఉపాధ్యాయ దంపతులు పియర్, డీనా వాన్ హీలే 1957లోనే దీనికి కారణం వివరించారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తం రూపంతో గుర్తుపడతారు. భుజాలు, కోణాలు గమనించడం ఆ తర్వాతి మెట్టు, నిర్వచనం ఇంకా పై మెట్టు. వయసు పెరిగినంత మాత్రాన మెట్టు ఎక్కరు, తగిన పని చేయిస్తేనే ఎక్కుతారు.

ఆ పని మన వాకిట్లోని ముగ్గులోనే ఉంది. ఏడు చుక్కలతో ఎదురు చుక్క ఒకటి వచ్చే వరకు పెట్టించండి. వరుసలు 1, 3, 5, 7, 5, 3, 1. చుట్టూ గీత కలిపితే మూల మీద నిలబడ్డ చతురస్రం, అందులో 25 చుక్కలు. పిల్లను ఒక భుజానికి ఎదురుగా నిలబడి చూడమనండి, అదే బొమ్మ మామూలు చతురస్రంగా కనబడుతుంది. అవే ఏడు చుక్కలను సందు చుక్క నాలుగు వచ్చే వరకు పెడితే 37 చుక్కల షడ్భుజి వస్తుంది. ఎదురు చుక్కల్లో పక్కపక్కనున్న నాలుగు చుక్కలు కలిపితే చతురస్రం, సందు చుక్కల్లో మూడు కలిపితే త్రిభుజం. మగపిల్లల చేతికీ ముగ్గు ఇవ్వండి. ఇది ఆడపిల్లల పనని పక్కన పెడితే సగం తరగతి నష్టపోతుంది.

మా నరసాపురం ప్రాంతంలో ఇంకో బడి కూడా ఉంది, క్రోషే లేసు అల్లే అమ్మల అరుగు. గుండ్రటి లేసు మధ్యలో చిన్న వలయంతో మొదలై చుట్టు తర్వాత చుట్టుగా పెరుగుతుంది. ప్రతి చుట్టులో కుట్లు లెక్కగా పెంచాలి. తక్కువైతే గిన్నెలా వంగుతుంది, ఎక్కువైతే అంచు కుచ్చులు పడుతుంది. కేంద్రం నుంచి దూరం పెరిగే కొద్దీ చుట్టుకొలత ఎంత పెరగాలో ఆ చేతులకు తెలుసు. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమిన్య అనే గణితవేత్త ఆ కుచ్చుల అంచునే ఆధారం చేసుకుని, కాగితం మీద చూపడం కష్టమైన హైపర్బోలిక్ తలాన్ని క్రోషే అల్లికతో చేసి చూపారు. అంత పెద్ద చదువుకు దారి చూపిన అల్లికను మన పిల్లలకు పరిచయం చేయకపోవడం నాకు బాధగా ఉంది.

ఇలాగైతే నోటుబుక్కులో ఏమీ కనబడదని తల్లిదండ్రులు అడుగుతారు. నిజమే. పిల్ల వేసిన ముగ్గును చుక్కల కాగితం మీద దింపిస్తే అదే నోట్సు.

వచ్చే ధనుర్మాసంలో మూడో తరగతి దాకా జ్యామితి పాఠాలను బడి ఆవరణలో చుక్కల మీద చెప్పించాలని, లేసు అల్లే తల్లులను ఒక్క పూటైనా తరగతికి పిలవాలని తోటి ఉపాధ్యాయులను, మండల విద్యాశాఖాధికారులను కోరుతున్నాను.

— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా