పళ్ళు తోమారా అని అడగండి

మనవారెవరైనా ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఉన్నారని తెలియగానే మనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జ్వరం తగ్గిందా, రక్తపోటు ఎంత ఉంది, కళ్ళు తెరిచారా, మనుషులను గుర్తుపట్టారా? "ఈరోజు పళ్ళు తోమారా?" అని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పళ్ళ మాటెందుకని అనిపించడం సహజమే. కాని ఆ ప్రశ్న ప్రాణానికి సంబంధించినదేనని నా అభిప్రాయం.

పళ్ళ పాచిలో జీవులున్నాయని 1683లో హాలండు దేశీయుడు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో చూసి లండన్ రాయల్ సొసైటీకి వ్రాశాడు. రసాయన శాస్త్రజ్ఞుని దృష్టిలో పాచి ఒక విచిత్ర పదార్థం. కొన్ని బాక్టీరియాలు చక్కెర నుండి గ్లూకాన్ అనే జిగట పాలిమర్‌ను తయారుచేసి, దానితో పంటికి అంటుకొని, అందులోనే గూడు కట్టుకొంటాయి. ఆ జిగురు లోపలికి మందులు సులభంగా చొరబడలేవు. చిగుళ్ళ వ్యాధి ఉన్నవారిలో పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడే సందులు వాటికి మరింత చోటిస్తాయి.

ఆరోగ్యవంతుని నోటిని లాలాజలం నిరంతరం కడుగుతూ ఉంటుంది. స్పృహలేని రోగికి నమలడం, మింగడం ఉండవు. నోరు తెరిచే ఉండి ఎండిపోతుంది. నోటి కణాలను కప్పివుంచే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీను తీవ్ర అనారోగ్యంలో తగ్గిపోతుంది. అప్పుడు సూడోమోనాస్, క్లెబ్సియెల్లా వంటి ప్రమాదకర క్రిములు అక్కడ తిష్ఠ వేస్తాయి. 1992లో అమెరికాలోని బఫెలోలో స్కానపీకో బృందం పరిశీలించినప్పుడు, ఇంటెన్సివ్ కేర్ రోగులలో 65 శాతం మంది నోటిలో ఊపిరితిత్తులకు హాని చేసే బాక్టీరియా కనిపించింది. దంతవైద్యశాలకు వచ్చినవారిలో అది 16 శాతమే. వెంటిలేటర్ గొట్టం చుట్టూ ఉండే బుడగ పక్కనుండి ఈ క్రిములతో కూడిన ఉమ్మి కొద్దికొద్దిగా లోపలికి జారుతుంది. గొట్టం వేసిన 48 గంటల తరువాత వచ్చే న్యుమోనియాకు ఇదొక ముఖ్య మార్గం.

ఇక నా శాస్త్రం సంగతి. పంటికి గట్టిగా అంటుకొని చాలాసేపు పనిచేసే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం మీద అందరూ ఆశలు పెట్టుకొన్నారు. 1996లో గుండె శస్త్రచికిత్స రోగులలో మంచి ఫలితాలు కనిపించాయి. అయితే 2014లో ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించగా, ఇతర రోగులలో మేలు స్పష్టంగా తేలలేదు. పైగా మరణాలు కొంత పెరుగుతున్నాయేమోనన్న అనుమానం కలిగింది. అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘాలు 2022లో వెలువరించిన సూచనలలో ఆ ద్రావణాన్ని వద్దని, బ్రష్‌తో తోమడాన్ని తప్పనిసరి పనులలో చేర్చాయి. 2023 డిసెంబరులో 15 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో, పళ్ళు తోమిన రోగులలో న్యుమోనియా సుమారు మూడోవంతు తగ్గింది. ఇంటెన్సివ్ కేర్‌లో మరణాలు కూడా తగ్గాయి. రోజుకు రెండుసార్లు తోమినా, మూడుసార్లు తోమినా ఫలితం ఒకటే.

రసాయనాలనే నమ్ముకొన్న నాకు ఈ తీర్పు కొంచెం చేదుగానే ఉన్నా, న్యాయంగానే తోస్తున్నది. జిగురును మందుతో గెలవడం కంటె గీకివేయడం సులభం. ఎవరికి తోముతున్నారో దాచి ప్రయోగం చేయడం సాధ్యం కాదు గనుక, ఈ ఫలితాన్ని కొంత తగ్గించి చూడవలసిందే. అలా చూసినా, ఒక బ్రష్ ఖరీదుకు ఇంతటి మేలు చేసే చికిత్సలు వైద్యంలో ఎన్ని ఉన్నాయి?

అయినా ఈ పని వెనుకబడిపోవడానికి కారణం ఉంది. గుండె లయ తప్పితే యంత్రం మోగుతుంది. పాచి పేరుకొంటే ఏ యంత్రమూ మోగదు. ఊపిరాడని రోగుల మధ్య పరుగెత్తే నర్సును నిందించి లాభం లేదు. మందుల పట్టికలో వేళతో సహా వ్రాసిపెట్టినప్పుడే ఈ పని నిలుస్తుంది.

డాక్టరుగారిని అడిగితే ఏమనుకొంటారోనన్న మొహమాటం మనవారిలో ఎక్కువ. దానిని వదులుకోవాలి. గొట్టం కదిలే ప్రమాదముంది గనుక మనమే బ్రష్ పట్టుకోకూడదు. కట్టుడు పళ్ళున్నాయా, ఊగే పళ్ళున్నాయా, చిగుళ్ళ నుండి రక్తం వచ్చేదా అన్న సంగతులు మాత్రం చెప్పగలిగినది మనమే. ముందుగా నిర్ణయించుకొన్న ఆపరేషనైతే, అంతకుముందే దంతవైద్యునికి చూపించడం మంచిది. స్వదేశంలో అమ్మో నాన్నో ఆసుపత్రిలో ఉండి, మనం ఇక్కడి నుండి ఫోను చేస్తున్నప్పుడు చేయగలిగినవి చాలా తక్కువ. ఈ ఒక్క ప్రశ్న అడగడం వాటిలో ఒకటి.