గ్లాసులో మందు లేకపోయినా మర్యాద తగ్గదు

ఈ వారం ఒక సోదరి రాసిన ఉత్తరంతో మొదలు పెడతాను. పేరూ ఊరూ వెయ్యవద్దన్నారు గనక వెయ్యడం లేదు.

"డాక్టరుగారూ! మావారికి 46 ఏళ్లు. 18 ఏళ్లు తాగారు. పోయిన ఏడాది కామెర్లు వచ్చి, లివరు దెబ్బతిన్నదని తేలాక మానేశారు. ఏడు నెలలుగా ఒక్క చుక్క ముట్టలేదు. వచ్చే నెల మా గృహప్రవేశం. సాయంత్రం ఆయన స్నేహితులంతా భోజనానికి వస్తారు. ఈమధ్య ఒక పెళ్లిలో అందరి చేతుల్లోనూ గ్లాసులుంటే, ఈయన చేతికి కూల్‌డ్రింకు సీసా ఇచ్చి, 'మావాడు మళ్లీ పసిపిల్లాడయ్యాడు' అని నవ్వారట. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నారు. మా ఇంట్లో అలా జరగకూడదు. ఆయన చేతిలో ఏం పెట్టమంటారు?"

అమ్మా! ఇది వంటల శీర్షికకు రాయవలసిన ప్రశ్న అని మీరు సందేహించారు. కాదు, ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నే. మందు మానిన మనిషి మళ్లీ మొదలుపెట్టడం చాలాసార్లు నలుగురి మధ్యనే జరుగుతుంది. చేతులు ఖాళీగా ఉంటాయి, పక్కవాడు "ఒక్క పెగ్గుకేమవుతుందోయ్" అంటాడు. లివరు దెబ్బతిన్నవాడికి ఒక్క పెగ్గుతోనే అవుతుంది. అసలు ఎంత తాగినా ఫరవాలేదు అనదగ్గ కొలత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

కూల్‌డ్రింకు ఎందుకు వద్దు?

కూల్‌డ్రింకు తియ్యగా ఉంటుంది. తియ్యటిది గడగడా తాగేస్తాం. రెండు నిమిషాల్లో గ్లాసు ఖాళీ, మళ్లీ చేతులు ఖాళీ. పైగా 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. రోజు మొత్తానికి పైనుంచి కలుపుకునే పంచదార 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు, దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక్క సీసాతో ఆ లెక్క దాటిపోయింది. లివరులో కొవ్వు పేరుకున్నవారికీ, షుగరు ఉన్నవారికీ ఇది మరీ చెరుపు.

పెద్దవాళ్లు కూర్చుని కబుర్లాడుతూ తాగే పానీయం నిదానంగా దిగాలి. అందుకు పులుపు ముందుండాలి, తీపి వెనక ఉండాలి. కొంచెం చేదు, కొంచెం ఘాటు, ఆకు వాసన, అడుగున ఎక్కడో కాస్త పొగ వాసన ఉండాలి. అప్పుడు మనిషి ఒక గుక్క తాగి, ఇందులో ఏం వేశారబ్బా అని ఆలోచించి, మరో గుక్క తాగుతాడు. మందు లేని కాక్‌టెయిల్ రహస్యం ఇంతే.

ఇది మనకు కొత్తేమీ కాదు. శ్రీరామనవమి పానకంలో మిరియాలూ యాలకులూ ఉన్నాయి. దబ్బాకు నలిపి వేసిన మజ్జిగ ఉంది. వట్టివేళ్లు వేసిన కుండలో నీళ్లున్నాయి. అవన్నీ పెద్దలు మెల్లగా, ఇష్టంగా తాగినవే.

పొగ వాసన ఎలా వస్తుంది?

పెళ్లిళ్లలో ఇప్పుడు గ్లాసులోంచి తెల్లటి పొగలు కక్కే పానీయాలు ఇస్తున్నారు. వాటి జోలికి పోకండి. ఆ పొగకు రుచీ లేదు, వాసనా లేదు. అది డ్రై ఐసు వల్లగాని, ద్రవ నైట్రోజన్ వల్లగాని వచ్చేది. ద్రవ నైట్రోజన్ సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉంటుంది. కాస్త మిగిలి ఉండగా మింగితే జీర్ణకోశానికి రంధ్రం పడవచ్చు. ఇటువంటి పదార్థాలు తినవద్దు, తాగవద్దు అని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో భోజనం తరువాత నోటి సువాసనకని ఇచ్చిన డ్రై ఐసును నోట్లో వేసుకుని అయిదుగురు రక్తం కక్కుకున్నారు.

మనకు కావలసింది కంటికి కనబడే పొగ కాదు, ముక్కుకు తెలిసే పొగ. దానికి వంటిల్లు చాలు. వేయించిన జీలకర్రలో ఆ వాసన ఉంది. నల్ల యాలక్కాయలో మరీ ఉంది, ఎందుకంటే సిక్కింలో ఆ కాయల్ని కట్టెల పొగ మీదనే ఆరబెడతారు. పెనం మీద కాల్చిన నిమ్మచెక్కలో, మంట మీద కాల్చిన మామిడికాయలో ఉంది. బొగ్గు రాజేసి గిన్నెలో పొగ పట్టించే పద్ధతి కూడా ఉంది గానీ, తలుపులు వేసిన గదిలో బొగ్గుపొగ ప్రాణం తియ్యగలదు. పైవి ఉండగా దాని అవసరం లేదు.

కాల్చిన నిమ్మ, పుదీనా

ఆరుగురికి నాలుగు నిమ్మకాయలు. అడ్డంగా రెండేసి చెక్కలు చేసి, వేడెక్కిన పెనం మీద నూనె లేకుండా కోసిన వైపు కిందికి పెట్టండి. రెండు నిమిషాల్లో అంచులు గోధుమరంగుకు వస్తాయి. వెంటనే తియ్యండి, నల్లగా మాడితే చేదు. చల్లారాక పిండి వడగట్టండి. మనిషికి ఒక చెంచా చొప్పున బెల్లంపొడి కలపండి. ఇరవై పుదీనా ఆకుల్ని అరచేతిలో వేసి ఒక్కసారి చరిచి వెయ్యండి, నూరకండి, నూరితే పసరు వాసన వస్తుంది. చిటికెడు వేయించిన జీలకర్రపొడి, రెండు అల్లం చక్రాలు వేసి ఒక లీటరు చల్లటి నీళ్లు పొయ్యండి. సోడా ఇష్టమైతే సగం నీళ్లు తగ్గించి, ఇచ్చే ముందు సోడా కలపండి. వేడి చేస్తే విటమిన్ 'సి' కొంత పోతుంది. అది కావాలంటే మర్నాడు పచ్చినిమ్మకాయ పిండుకోండి, ఈ పూట దీని పని వేరు.

నల్ల యాలక్కాయ, టీ, బత్తాయి

రెండు నల్ల యాలక్కాయలు చితక్కొట్టి మూడు గ్లాసుల నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించండి. దింపి, రెండు చెంచాల టీ ఆకు వేసి, మూడు నిమిషాలుంచి వడగట్టి చల్లార్చండి. ఇచ్చే ముందు మూడు బత్తాయిల రసం, నాలుగు తులసి ఆకులు కలపండి. బత్తాయి ముందుగా పిండి ఉంచితే రసం చేదెక్కుతుంది, అప్పటికప్పుడే పిండాలి. పంచదార అక్కర్లేదు. రాత్రి నిద్ర పట్టనివారు టీ ఆకు మానేసి యాలక్కాయ నీళ్లతోనే చేసుకోవచ్చు.

మంట మీద మామిడికాయ

వేసవి అయితే ఇది అన్నిటికంటె మేలు. రెండు పుల్లటి మామిడికాయల్ని సన్నటి మంట మీద తిప్పుతూ తోలు నల్లబడి లోపల మెత్తబడేదాకా కాల్చండి. మాడిన తోలు పూర్తిగా తీసెయ్యండి. గుజ్జుకు నాలుగింతలు నీళ్లు, కొంచెం బెల్లం, జీలకర్రపొడి, కొత్తిమీర చేర్చి వడగట్టండి. ఉప్పు ఎవరి గ్లాసులో వారే వేసుకోవాలి.

ఏది చేసినా రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు పొయ్యకండి. గాజుగాని స్టీలుగాని వాడండి. ఐసు బజారునుంచి తేవద్దు, కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే చేసుకోండి. నీళ్లవల్ల వచ్చే కామెర్లు అసలే దెబ్బతిన్న లివరు మీద పడితే ప్రమాదం.

ఎవరు జాగ్రత్త పడాలి?

లివరు జబ్బుతో పొట్టలోగాని కాళ్లకుగాని నీరు చేరినవారు, బి.పి. ఉన్నవారు వీటిలో ఉప్పు వేసుకోరాదు. నల్లుప్పు అయితే ఫరవాలేదని కొందరంటారు, అదీ ఉప్పే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పళ్లరసాలు తమ డాక్టరును అడిగి తాగాలి. కొలెస్టరాల్‌కీ, బి.పి.కీ వాడే కొన్ని మాత్రలతో గ్రేప్‌ఫ్రూట్ పడదు, మందు రక్తంలో ఎక్కువై ఇబ్బంది పెడుతుంది. దాని దాయాది పంపరపనసతోనూ అదే భయం. 

ఇంకొకటి. కాక్‌టెయిల్స్‌లో చుక్కలు చుక్కలుగా వేసే 'బిటర్స్' అనే చేదుద్రావకాల్లో చాలావాటికి మద్యమే ఆధారం. ఆల్కహాలు లేని బీరు అని అమ్మేదాంట్లో 0.5 శాతం దాకా ఉండవచ్చు. ఆసవాలు, అరిష్టాల్లో పులియడంవల్ల ఆల్కహాలు తయారవుతుంది. మందు మానడానికి డైసల్ఫిరామ్ మాత్ర వాడేవారికి ఆ కొంచెం కూడా ప్రమాదమే.

అసలు సంగతి

ఇప్పుడు ఆ సోదరికి ముఖ్యమైన మాట. కొన్ని విస్కీలకు పొగ వాసన ఉంటుంది. మానిన మనిషికి వాసనే సగం పిలుపు. అంచేత విందు రోజున హఠాత్తుగా ఆయన చేతిలో పెట్టకండి. వారం ముందే చేసి, ఇంట్లో కూర్చోబెట్టి రుచి చూపించండి. "బాగుంది" అంటే సరే. "అచ్చం అదే గుర్తొస్తోంది" అంటే ఆ వంటకాన్ని ఆనాటితో వదిలేసి, దబ్బాకు మజ్జిగ చెయ్యండి. ఆయన పాత గ్లాసులు కూడా బయటికి తియ్యకండి, పొడుగాటి గ్లాసులు కొనండి. ఆయనకు మనసు చికాకుగా ఉంటే కాసేపు లేచి డాబా మీదికి వెళ్లడానికి ఒక సాకు ముందే అనుకుని ఉంచండి.

రెండోది, ఆ పానీయం ఆయన ఒక్కరికే చెయ్యవద్దు. ఒక్కడికే ఇస్తే అది పథ్యం, అందరికీ ఇస్తే అది విందు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివారి చేతిలోనూ అదే గ్లాసు పెట్టండి. ఆ పూట మీ ఇంట్లో వేరే సీసా తెరవరని ఫోనులోనే మర్యాదగా చెప్పండి. ఇల్లు మీది. నిజమైన స్నేహితులు వస్తారు.

ఇది చదివి ఇంకొక ఇల్లాలు, రోజూ తాగే తన భర్తకు రేపటినుంచి మందు బదులు నిమ్మరసం ఇద్దామనుకోవచ్చు. తొందరపడవద్దు. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఫిట్సు రావడం, మతి తప్పి మాట్లాడడం జరగవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. మానడం డాక్టరు సలహాతోనే మొదలుపెట్టాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446 నంబరుకు ఫోను చెయ్యండి, మత్తు మాన్పించడానికి ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న సహాయకేంద్రం అది.

మావారు మానేశారు అని మీరు ఉత్తరంలో ఎంత గర్వంగా రాశారో, ఆ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా? అనకపోతే గృహప్రవేశం దాకా ఆగకండి. ఈ సాయంత్రం రెండు నిమ్మకాయలు కాల్చి, రెండు గ్లాసులు కలిపి, ఒకటి మీరు తీసుకుని, ఆయన పక్కన కూర్చుని చెప్పండి.