చేవ్రాలు కావలెను, కోడిగీతలు వలదు

చేతితో వ్రాసిన వ్రాలు చేవ్రాలు. వ్రాలనగా అక్షరము. అక్షరమే లేనిచోట చేవ్రాలు లేదు. ఇంత చిన్న సంగతిని నేటి ఆటగాండ్రకు ఎవరైనను చెప్పవలసియున్నది. అభిమాని భక్తితో చాచిన పుస్తకముపై పేరుమోసిన ఆటగాడు నేడు గీయుచున్నదేమి? ఒక వంకర గీత, దాని తుదిని ఒక సున్న, ఆపైన ఒక చుక్క. పూర్వము గ్రామకరణముల గొలుసుకట్టు వ్రాతను మరియొక కరణమైనను చదివెడివాడు. ఈ కోడిగీతలకు ఆ భాగ్యమును లేదు. అందరును అట్టివారని మేమనము. అట్టివారు నానాటికి పెరుగుచున్నారని మాత్రము నిస్సంకోచముగా చెప్పుదుము.

మేము గుమాస్తా ఉద్యోగమున ముప్పదియైదేండ్లు గడిపి విశ్రాంతి పొందినవారము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. అయినను సంతకముల విషయమున మాకు కొంత అనుభవము కలదు. బాంకునందుగాని ఖజానాయందుగాని సంతకము చదువరాకున్నను పని సాగును. ఏలయన అచ్చట మాదిరి సంతకము భద్రపరుపబడి యుండును. గుమాస్తా రెంటిని సరిపోల్చి సొమ్ము చెల్లించును. కార్యాలయపు ఉత్తరములలో సంతకము క్రింద పేరును హోదాను విడిగా వ్రాయుట ఆచారము. అభిమానియొద్ద మాదిరి సంతకమును లేదు, క్రింద పేరును లేదు. వానికి దక్కినది ఆ గీత యొక్కటియే. అదియు చదువరానిదైనచో వానికి మిగిలినదేమి?

మా బంధువుల బాలుడొకడు ఒక ఆటస్థలపు ద్వారమువద్ద రెండు గంటలు ఎండలో నిలిచి ముగ్గురు ఆటగాండ్ర చేవ్రాళ్లు సంపాదించెను. ఒకాయన బాలుని మొగమైనను చూడక, చెవియొద్ద ఫోను దింపక, నడచుచునే గీత గీసి పోయెనట. ఇంటికి వచ్చి పుస్తకము మా ముందుంచి, “తాతగారూ, వీరిలో ఎవరిది ఏది?” అని అడిగెను. వేలకొలది సంతకములను పరికించిన మా కన్నులకును అది బోధపడలేదు. ఆ మూడు పుటలలో నేడు రెండు అనాథలు. మూడవదానిపై పేరు స్పష్టముగా నున్నది. బాలుడు దానినే స్నేహితులకు చూపుచుండును.

ఇది సాధ్యముకాని కోరిక యనువారు అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హార్మన్ కిల్లెబ్రూగారి సంగతి వినవలెను. ఆయన 1954 మొదలు 1975 వరకు ఆడి 573 హోమ్‌రన్లు కొట్టిన మహాబలుడు. చేవ్రాలు మాత్రము బడిపంతులు పలకపై పెట్టిన ఒరవడివలె నుండెడిది. టోరీ హంటర్, మైకేల్ కడ్డయర్ వంటి యువకులు గీతలు గీయుచుండగా ఆయన పిలిచి మందలించి, పేరు తెలియునట్లు వ్రాయుడని చెప్పెను. వారు సిగ్గుపడి వ్రాత మార్చుకొనిరి. ఆ మాట తమకు మేలు చేసినదని బహిరంగముగా చెప్పుకొనిరి. 2016లో గతించిన గోల్ఫ్ వీరుడు ఆర్నల్డ్ పామర్‌గారును స్పష్టమైన చేవ్రాలే మర్యాదయని యువకులకు బోధించినవారే. టెస్టులలో 99.94 సగటు సాధించిన బ్రాడ్‌మన్‌గారు వృద్ధాప్యమునను ప్రతిదినము కూర్చుండి అభిమానుల ఉత్తరములకు జవాబులు వ్రాసెడివారు. వీరికంటె నేటివారికి తీరిక తక్కువయా, కీర్తి ఎక్కువయా?

అభిమానులు వందలకొలది మూగుదురు, అందరికి వ్రాయుట ఎట్లని కొందరడుగుదురు. అందరికి వ్రాయుమని మేము కోరలేదు. నూరుగురికి గీతలు పంచుటకన్న ఇరువదిమందికి పేరు వ్రాసి, తక్కినవారికి చేతులు జోడించి సెలవు తీసికొనుట మేలు. కూటసంతకముల భయమున గీతలు గీయుదుమని మరికొందరందురు. ఈ వాదము తలక్రిందులైనది. రెండు వంకరలు గల గీతను ఎవడైనను అనుకరింపగలడు. పది పన్నెండక్షరముల పేరును అనుకరించుటయే కష్టము. 1990వ దశకమున అమెరికాలో ఎఫ్.బి.ఐ. జరిపిన విచారణలో కూటసంతకముల వ్యాపారము పెద్దయెత్తున బయటపడెను. 2001 నుండి అచ్చటి బేస్‌బాల్ నిర్వాహకులు, సాక్షి యెదుట చేసిన చేవ్రాలుకు గుర్తుబిళ్ల అంటించు పద్ధతి నేర్పరచిరి. రక్షణ ఆ సాక్షివలన కలిగినది. గజిబిజి వ్రాతవలన కలుగలేదు. బాంకు సంతకము బయటపడునను జంకున్నచో, బాంకున కొకటి, అభిమానుల కొకటి ఉంచుకొనవచ్చును. దీనికి ఖర్చేమియు లేదు.

గాంధీమహాత్ముడు చేవ్రాలుకు అయిదు రూపాయలు పుచ్చుకొని హరిజననిధికి చేర్చెడివాడు. వెల తీసికొన్నను ఆ సొమ్ము సత్కార్యమునకు పోయెడిది. ఆయనయే తన ఆత్మకథలో తన వ్రాత బాగుండదని పరితపించి, చెడువ్రాత అసంపూర్ణవిద్యకు గుర్తని తలచెను. అంతటివాడు వ్రాతకు సిగ్గుపడగా, నాలుగు పందెములు గెలిచినవారికి సిగ్గేల లేదు?

ఈ సంగతి మన సంచికలో ఏల యని పాఠకులు అడుగవచ్చును. పరరాష్ట్రములందు తరతరములుగా నివసించు మనకు పేరు విలువ తెలిసినంతగా మరెవరికి తెలియును? బడి రిజిస్టరులో ఇంటిపేరు ఎగిరిపోవుట, రేషను కార్డులో పేరు వికారమగుట మనము ఎరుగనివి కావు. 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టును నడిపిన సి.కె. నాయుడుగారు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసిననాడు ‘నాయుడు’ అను పేరు దేశమంతట చదువబడినది. పేరు చదువబడుటయే కీర్తి. ఎల్లరు చదువగోరు పేరును తానే చెరిపివేసికొనువాడు తన తల్లిదండ్రులు పెట్టిన దానిని పారవేసినట్లే.

తెలుగు క్రీడాకారులకు మరియొక విన్నపము. ఆంగ్లమున వ్రాసినను, దాని క్రింద తెలుగులో పేరు వ్రాయుడు. 2000లో సిడ్నీ ఒలింపిక్సున కాంస్యము గెలిచిన కరణం మల్లీశ్వరిగారి పేరును, 2016లో రియోయందు రజతము తెచ్చిన సింధుగారి పేరును మన పిల్లలెరుగుదురు. హోసూరులో అరవమును, బరంపురములో ఒడియాను, బళ్లారిలో కన్నడమును బడిలో చదువు బాలునకు అట్టివారి పేరు తెలుగక్షరములలో దొరికినచో, దానిని చదువుటకై నాలుగక్షరములు నేర్చుకొనును. పెద్దబాలశిక్ష కొనిపెట్టినను మేము సాధింపలేని పనిని ఆ చేవ్రాలు సాధింపవచ్చును.

అభిమానులకును ధర్మము కలదు. భోజనము చేయుచున్నవానిని, ఓడి వచ్చుచున్నవానిని, బిడ్డతో నడచువానిని పీడింపరాదు. పొందిన చేవ్రాలును మరునాడే అమ్ముకొనరాదు. నోరు మంచిదైన ఊరు మంచిదను మాట ఇరువురికిని చెల్లును.

మన సంఘములును ఊరకుండరాదు. వార్షికోత్సవమునకు ఆటగాని ఆహ్వానించినపుడు శాలువతో తృప్తిపడక, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మంచి కలము సిద్ధముచేసి, పిల్లలను వరుసలో నిలిపి, “అయ్యా, పేరు తెలియునట్లు వ్రాయుడు” అని ముందుగనే మనవి చేయవలెను. అందుకు సమ్మతింపనివానికి శాలువయు అనవసరము.