ఒలకబోసినవాళ్ళే బిల్లు కట్టాలి

రోడ్డు మీద యాసిడ్ ట్యాంకర్ బోల్తా పడితే మొదట పరుగెత్తాల్సింది ఊళ్ళోవాళ్ళే. పంచాయతీ కార్యదర్శి, పారిశుధ్య కార్మికులు, కాల్వ లాకులు చూసే లస్కర్. ఇసుక తోలించడం, జేసీబీ కిరాయి మాట్లాడటం, పాడైన మట్టి ఎత్తించడం, కుళాయిలు ఆపించి ట్యాంకర్లతో మంచినీళ్ళు పంపడం వాళ్ళ నెత్తిన పడే పనులు. ఆ ఖర్చు ఇంటిపన్ను సొమ్ములోంచి పోవడం అన్యాయం. సరుకు ఎవరిదో వాళ్ళే పైసాతో సహా కట్టాలి. దానికి బాపట్ల జిల్లాలో రాతపూర్వకమైన ఏర్పాటు ఉండాలి.

ఆ జిల్లాలోని భట్టిప్రోలును ఉదాహరణగా ఎత్తి చెప్పడానికి కారణం ఉంది. ఇది కృష్ణా పడమటి డెల్టా. ఒకవైపు తెనాలి, మరోవైపు రేపల్లె. రేపల్లె దగ్గర కత్తిపూడి–ఒంగోలు 216వ జాతీయ రహదారి. పెట్రోలు, డీజిలు, గ్యాస్, పురుగుమందులు, ఐసు ఫ్యాక్టరీలకు అమోనియా అన్నీ తిరగాల్సింది ఇలాంటి దారుల మీదే. ఆ దారుల పక్కనే పంట కాల్వలు, వాటి వెంట మురుగు కాల్వలు. ఎగువన ఒలికింది దిగువ ఊరికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ భూగర్భ జలం ఉప్పు. అక్కడి ఊళ్ళు కాల్వ నీటిని చెరువులకు ఎక్కించుకుని వేసవి దాటిస్తాయి. నీరు పెట్టే రోజుల్లో విషం పడితే వరిచేలు, రొయ్యల చెరువులు, తాగునీరు ఒక్కసారే దెబ్బతింటాయి. కర్మాగారం ఆవరణలో ఒలికితే ప్రహరీ అయినా ఉంటుంది. కాల్వకు అదీ లేదు.

చట్టం లేక కాదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ ఈ సంగతి సూటిగా చెప్పింది. ప్రమాదం జరిగిన వెంటనే బాధ్యులు అధికారులకు తెలపాలి, నష్టం తగ్గించాలి. నివారణ చర్యలకు అధికార సంస్థ పెట్టిన ఖర్చును వడ్డీతో సహా, భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు. అయితే ఆ సెక్షన్‌లో గ్రామ పంచాయతీ పేరు విడిగా లేదు. 1996 రసాయన ప్రమాదాల నిబంధనల కింద జిల్లా, స్థానిక సంక్షోభ బృందాలు ఉండాలన్నారు గానీ, వాటి చూపు ఎక్కువగా భారీ కర్మాగారాలున్న చోట్ల మీదే. పొలాల మధ్య రోడ్డు మీద బోల్తాపడే ట్యాంకర్ ఆ చూపుకు ఆనడం కష్టం.

ఎవరు కట్టాలో ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో భోపాల్ చూపించింది. 1984 డిసెంబరులో విషవాయువు వెలువడిన ఆ కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు అక్కడి నుంచి కదిలింది 2025 జనవరిలో. 40 ఏళ్ళు! అందుకు కేటాయించిన 126 కోట్ల రూపాయలు ప్రజల సొమ్ము. మన విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది చనిపోయారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. విషాదం దేశం కళ్ళలో పడింది కాబట్టి ఆ వేగం వచ్చింది. భట్టిప్రోలు దగ్గర కాల్వలో వెయ్యి లీటర్ల పురుగుమందు పడితే ఢిల్లీ కదులుతుందని నమ్మలేం. ఇక్కడి మనిషే ఇక్కడే నోటీసు ఇవ్వగలగాలి.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న చోట్లను గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలిపే పని స్థానిక సంస్థలకు, జిల్లా యంత్రాంగానికి అప్పగించింది. కాలుష్యానికి కారకులే శుద్ధి ఖర్చు భరించాలన్నది. మంచిదే. కానీ ఇది పాత మచ్చలకు మందు. ఈ రాత్రి ఒలికిన దానికి రేపు ఉదయం ఇసుక కొనాలంటే చేతిలో డబ్బు కావాలి.

అందుకే కలెక్టర్ దగ్గర అత్యవసర నిధి ఒకటి ఉండాలి. పంచాయతీ అందులోంచి వెంటనే ఖర్చుపెట్టాలి, కూలి దగ్గర నుంచి నీటి పరీక్ష దాకా ప్రతి రూపాయికీ రసీదు ఉంచాలి. తహసీల్దారు ఆ లెక్కను సరుకు యజమానికి పంపి, గడువులోగా కట్టకపోతే శిస్తు బకాయిగా రాబట్టి నిధికి జమచేయాలి. లస్కర్‌కు లాకులు దింపే అధికారం ఆ క్షణంలోనే ఉండాలి. పై ఉత్తర్వు వచ్చేలోగా నీళ్ళు ఆగవు.

చిన్న లారీ యజమాని నలిగిపోతాడనే అభ్యంతరం వస్తుంది. అది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం ప్రమాదకర పదార్థాలను వాటి మీద అదుపు ఉన్నవారు బీమా చేయించాకే కదిలించాలంటోంది. రవాణా కూడా దాని కిందికే వస్తుంది. బిల్లు వెళ్ళాల్సింది సరుకు పంపిన కంపెనీకి. నెల జీతానికి స్టీరింగ్ పట్టిన డ్రైవర్ మీద ఈ భారం మోపకూడదు. కేసుకు జడిసి అతను పారిపోతే ట్యాంకర్‌లో ఏముందో చెప్పే మనిషే ఉండడు. వెంటనే సమాచారం ఇచ్చిన డ్రైవర్‌కు రక్షణ కూడా ఈ ఏర్పాటుకు కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వులోనే రాయాలి.

కొత్త చట్టం కోసం అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు. జిల్లా కలెక్టర్ చొరవ చూపితే మొదలయ్యే పని ఇది. భట్టిప్రోలు, వేమూరు, రేపల్లె మండలాల సర్పంచులు వచ్చే గ్రామసభలోనే ఈ మేరకు తీర్మానం చేసి బాపట్లకు పంపాలి.